పిండదానం అన్న ఒక్క మాట

ధర్మవరం,
వైశాఖ పున్నమి.

నా బంగారు తల్లి సాయిసుధకు, మీ నాయన నల్లప్ప మగ్గం గుంతలోంచి లేచి వచ్చి, చేతులు కడుక్కొని, పొంగిపోతూ రాసుకునే జాబు.

సుధా, నిన్న నువ్వు ఫోన్లో చెప్పిన మాట విన్నప్పటి నుంచి నాకు ఆకలి లేదు, నిద్ర లేదు, కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే గంతులెయ్యాలనిపిస్తుంది. పెండ్లయిన ఇన్నేండ్లకు నీ కడుపు పండింది! నా చెవుల సంగతి నీకు తెలుసు కదా. పక్కింటి కేశవ మరమగ్గాలు పెట్టినప్పటి నుంచి మొద్దుబారిపోయినాయి. స్పీకరు పెడితే గానీ నాకు వినపడదు, పెడితే వీధంతా వింటుంది. "నాయనా, స్పీకరు ఆపు" అని నువ్వు అరిచినావు. ఆపితే నాకేం వినపడుతుంది తల్లీ? సగం సగం విన్నాను. కడుపు నిలిచిందన్నావు. బెంగుళూరన్నావు. "పిండదానం వల్ల నిలిచింది నాయనా" అన్నావు. ఆ మాట మాత్రం గంట కొట్టినట్టు వినపడింది. ఆ పైన నేనే కేకలు పెడుతుంటే ఇంకేం వింటాను!

మీ అమ్మ చౌడక్క పోయినప్పటి నుంచి నా గుండెలో ఒక ముల్లు ఉండేది. మాకు కొడుకు లేడు. ఏటి ఒడ్డున కూర్చొని ఆమెకు పిండం పెట్టేదెవరు? అల్లుడు శివకృష్ణను అడగాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది, మింగేసినాను. అడక్కుండానే ఆయప్ప ఆ పని చేసినాడే! బెంగుళూరు దాటి శ్రీరంగపట్నం పోయి ఉంటారు, కావేరిలో పెట్టి ఉంటారు. ఇంటికొచ్చిన వాళ్ళందరూ తింటే గానీ ముద్ద ముట్టని మనిషి మీ అమ్మ. ఇన్నాళ్ళకు కడుపు నిండా తిని, నీ కడుపులోకి నడిచి వచ్చింది.

నా కేకలకు కేశవ పరుగెత్తుకొచ్చినాడు.

"ఏమప్పా నల్లప్పా, కరెంటు కొట్టిందా?"

"కరెంటు కాదబ్బా, నా పెండ్లాం వస్తాండాది!"

"యాడ్నుంచి?"

"నా కూతురి కడుపులోంచి!"

వీధంతా బెల్లం ఓళిగలు పంచినాను. అల్లుడికి నా మాటగా చెప్పు, ఆయప్ప కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుంటానని.

మీ నాయన,
నల్లప్ప.


హిందూపురం,
మే 20.

ప్రియమైన నాయనకు,

సుధ నమస్కారాలు. నీ జాబు అందింది. నేను బాగానే ఉన్నాను. డాక్టరమ్మ మెట్లెక్కొద్దని చెప్పింది. బడికి సెలవు పెట్టాను.

ఆయన నీ జాబు రెండుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకొని బయటికి వెళ్ళిపోయారు. చాలాసేపటికి వచ్చి, "ఆయన్ని సంతోషంగా ఉండనీ సుధా" అన్నారు. అంతే.

నువ్వు ఫోన్లో విన్నది సగమే నాయనా. పిండదానం అన్నది డాక్టరమ్మ మాకు చెప్పిన మాట. ఆ సంగతి మనిద్దరమే కూర్చున్నప్పుడు చెప్తాను. అందాకా వీధిలో ఎవరికీ ఏమీ చెప్పొద్దు. పోయినసారి కూడా మూడో నెల నిండకముందే అందరికీ చెప్పుకున్నాం, ఏమైందో నీకు గుర్తుంది కదా. నాకు భయంగా ఉంది.

నీ కూతురు,
సుధ.


ధర్మవరం,
ఆషాఢం, చౌడమ్మ గుడి నుంచి వచ్చిన పూట.

నా చిట్టి తల్లి సుధకు, నాయన గుడి కుంకుమ ఈ కాగితంలోనే మడిచి పంపుతున్నాడు, నొసట పెట్టుకో.

ఎవరికీ చెప్పొద్దన్నావు. ఎట్లా తల్లీ? సంతోషం దాస్తే నాకు కడుపు ఉబ్బిపోతుంది. నీ జాబు వచ్చేసరికే ఊరంతా తెలిసిపోయింది. పైగా డాక్టరమ్మే పిండదానం సంగతి చెప్పిందంటే ఆమె ఎంత ఆచారం తెలిసిన మనిషో! ఈ కాలం చదువుకున్న వాళ్ళలో అట్లాంటి వాళ్ళు ఎవరుండారు? ఆ మాట కూడా అందరికీ చెప్పినాను.

నీకొక ముచ్చట. మగ్గం మీద ఇప్పుడు షావుకారు చీర లేదు. బిడ్డకు తొలి స్నానం చేయించినాక చుట్టే చిన్న పట్టుబట్ట ఉంది. దానికి మీ అమ్మ పెండ్లి చీర అంచే దింపుతున్నాను. ఎవరి అంచు వాళ్ళకే చేరాలి కదా!

పెనుకొండ నుంచి మీ అత్త హనుమంతమ్మ వచ్చి పోయింది. నా అక్క నోరు నీకు తెలియనిదా. ఓళిగ తింటూనే మొదలుపెట్టింది.

"ఏమిరా నల్లా, నీ అల్లుడు పిండం పెట్టినాడా?"

"పెట్టినాడక్కా."

"ఉగాదికి నా ఇంటికి వచ్చినాడు, క్రాపు నున్నగా దువ్వుకొని ఉండాడు. మీసం గూడా ఉండాది. గుండు లేకుండా అదేం పిండమురా?"

"కాలం మారిందక్కా."

"కాలం మారితే మంగలోడు చచ్చిపోయినాడా?"

నాకు ఒళ్ళు మండింది. ఒక్క మాట రాయి తల్లీ, ఏ రేవులో పెట్టినారో, ఏ అయ్యవారు మంత్రం చెప్పినాడో. ఆ కాగితం తీసుకొని నేను పెనుకొండ పోయి ఆమె నోరు మూయిస్తాను.

ఆనందంతో,
మీ నాయన.


హిందూపురం,
జులై 24.

నాయనకు,

మొన్న స్కానింగుకు వెళ్ళాం. బిడ్డ ఎదుగుదల బాగుందన్నారు. ఆ తెరమీద చూస్తూ ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

అత్తకు ఏం రాయాలో నాకు తెలియడం లేదు. ఈ జాబు నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. మేము శ్రీరంగపట్నం పోలేదు నాయనా. ఇంతకంటే కాగితం మీద రాయలేను. నువ్వే ఒకసారి హిందూపురం రా. రైల్లో ఎక్కితే వచ్చేస్తావు. నీతో మాట్లాడాలి.

కుంకుమ పెట్టుకున్నాను.

సుధ.


ధర్మవరం,
వినాయక చవితి మరునాడు.

నా తల్లి సుధకు, కుడుములు తిన్న చేత్తోనే నాయన రాస్తున్న జాబు.

శ్రీరంగపట్నం కాకపోతే ఇంకొక చోటు. ఏరు ఏదైతేనేమి, తిన్న మనిషికి తెలుసు కదా! ఇంత చిన్న మాటకు నాలుగు కాగితాలు చించినావా పిచ్చితల్లీ? మీ అత్తకు, "నది పేరు నాకెందుకు, ఫలం నాకు ముఖ్యం" అని ఫోన్లోనే అరిచినాను. నేను రాలేకపోతున్నాను, బట్ట సగంలో ఉంది. అది ముగించుకొనే వస్తాను.

అసలు సంగతి ఇది. పెద్దల అమావాస్య దగ్గరికి వచ్చింది. ఏటా ఆ రోజు మీ అమ్మకు ఆకు వేస్తున్నాను కదా. అలసంద వడలు, చిత్రాన్నం, ఆమెకిష్టమైన చెనిక్కాయల చట్నీ. ఆకు ముందు కూర్చొని కాసేపు మాట్లాడతాను కూడా. నవ్వొద్దు. ఈ ఏడు ఆకు వెయ్యను. ఎందుకంటే ఆమె అక్కడ లేదు, నీ కడుపులో ఉంది. కడుపులో ఉన్న మనిషికి చచ్చిపోయిన వాళ్ళ ఆకు వేస్తే అరిష్టం కదా! ఈ ఏడే కాదు, ఇంక ఏ ఏడూ వెయ్యను. ఆ రోజు వీధికంతా భోజనాలు పెట్టి ఈ మాట అందరి ముందూ చెప్తాను. గోడ మీద ఫొటోకున్న దండ కూడా తీసేసినాను. దండ లేకుండా చూస్తే మీ అమ్మ పెండ్లినాటి మాదిరి ఉండాది సుధా!

నీ నాయన.


హిందూపురం,
సెప్టెంబరు 5.

నాయనా,

ఈ జాబు తలుపేసుకొని, ఒక్కడివే చదువు. కేశవ మామతో చదివించుకోవద్దు.

అమ్మకు ఆకు వెయ్యనన్నావు. ఆ మాట చదివాక నాకు అన్నం దిగలేదు. నేను నోరు విప్పకపోతే అమ్మ పస్తు ఉంటుంది. అందుకని రాస్తున్నాను.

మేము ఏ ఏటికీ పోలేదు. ఆయన ఎవరికీ పిండం పెట్టలేదు. మాకే ఒకరు ఇచ్చారు.

కడుపులో పడే బిడ్డ తొలి రూపును డాక్టర్లు కూడా పిండమనే అంటారు నాయనా. నాలో అండాలు వయసు మీరకముందే అయిపోయాయి. ఆయన వైపూ లోపం ఉంది. ఎన్ని సూదులో, ఎన్ని ఆశలో, ఎన్నిసార్లు బస్సులో ఏడుస్తూ తిరిగి వచ్చామో నీకెప్పుడూ చెప్పలేదు. చివరికి డాక్టరమ్మ కూర్చోబెట్టి ఇంకో దారి ఉందని చెప్పింది. మాలాగే పిల్లల కోసం తిరిగిన దంపతులెవరో ఆసుపత్రి వైద్యంతో బిడ్డల్ని కన్నారు. వాళ్ళ కోసం తయారుచేసి, గడ్డకట్టే చలిలో దాచిన పిండాల్లో కొన్ని మిగిలాయి. మాకు చాలు, వీటిని పిల్లలు లేనివాళ్ళకు ఇవ్వండని వాళ్ళు చెప్పి వెళ్ళారు. అందులో ఒకటి నా గర్భంలో పెట్టారు. దాన్నే పిండదానం అన్నారు. నేను ఫోన్లో చెప్పింది అదే. వాళ్ళ పేరు, ఊరు, కులం మాకు చెప్పరు. మా సంగతి వాళ్ళకు చెప్పరు.

ఈ బిడ్డలో నీ రక్తం లేదు. అమ్మది లేదు. ఆయనదీ, నాదీ లేదు. నా ఒంటి నుంచే తిని, నా ఊపిరితోనే పెరుగుతోంది, అంతే. నాకు ఆ మాత్రం చాలనిపించింది. ఆయనకూ చాలనిపించింది. నీకు చాలుతుందో లేదో నాకు తెలియదు.

అమ్మ రావడం లేదు నాయనా. దండ మళ్ళీ వెయ్యి. ఈ మాట రాస్తుంటే అమ్మను నేనే రెండోసారి సాగనంపుతున్నట్టుంది.

సుధ.


పెనుకొండ,
ఆదివారం.

సాయిసుధకు,

జాబు అందింది. నేను పెనుకొండలో మీ అత్త ఇంట్లో ఉన్నాను. ధర్మవరంలో ఎవరికి మొగం చూపించేది? బయటికొస్తే, "ఏమప్పా, చౌడక్క ఎప్పుడొస్తాండాది?" అని అడుగుతారు. మగ్గం సగంలో ఆపేసి వచ్చినాను.

నువ్వు అబద్ధం చెప్పలేదు, నిజమే. నేనే సరిగ్గా వినలేదు. చెవుడు నాదే. కానీ ఇన్ని నెలలు నోరు మూసుకున్నదెవరు? నేను ఓళిగలు పంచినానని రాసినప్పుడు నోరు మూసుకున్నావు. మీ అమ్మ అంచు దింపుతున్నానని రాసినప్పుడు మూసుకున్నావు. నేను పిచ్చోడి మాదిరి ఎగురుతుంటే మొగుడూ పెండ్లాలూ కూర్చొని చదువుకున్నారు.

ఆ బిడ్డ ఎవరు? రేపు నేను ఎత్తుకుంటే ఎవరిని ఎత్తుకున్నట్టు? నన్ను తాతా అని పిలిస్తే, ఇంకెక్కడో ఇంకొక తాతకు కదా ఆ పిలుపు పోవాల్సింది? నాకు తెలియడం లేదు. తిట్టాలని కూర్చున్నాను, ప్రశ్నలే వస్తున్నాయి.

అక్కకు ఇంకా ఏమీ చెప్పలేదు. ఆమె అడుగుతానే ఉంది.

నల్లప్ప.


హిందూపురం,
సెప్టెంబరు 16.

నాయనా,

నీ జాబు కింద "మీ నాయన" అని లేదు. చూశాను.

నోరు మూసుకున్నది నేనే. మొదట్లో నీకు దెబ్బ తగులుతుందని. తర్వాత ఇంకో కారణం కూడా ఉంది. నీ జాబులు చదువుతుంటే నేను కూడా అమ్మే వస్తోందని కొన్నాళ్ళు నమ్మాను. తెలిసి తెలిసి నమ్మాను. ఆ నాలుగు రోజులు నాకు భయం లేకుండా నిద్ర పట్టింది.

బిడ్డ ఇప్పుడు బాగా తన్నుతోంది. ఎవరని అడిగావు. నాకు పేరు తెలియదు, అది కదిలినప్పుడు నేను పలుకుతాను, అంతవరకే తెలుసు. బిడ్డను ఎత్తుకోమని నేను అడగను. బట్ట నెయ్యమనీ అడగను. అమావాస్య రోజు అమ్మకు ఆకు మాత్రం వెయ్యి. నా బిడ్డ వల్ల అమ్మ ఆకు ఆగిపోకూడదు.

సుధ.


ధర్మవరం,
పెద్దల అమావాస్య మరునాడు.

నా కన్నతల్లి సాయిసుధకు, మీ నాయన, అవును, మీ నాయనే, రాసే జాబు.

నీ జాబు పెనుకొండలో నా చేతికిచ్చి మీ అత్త పక్కనే కూర్చుంది. చదువుతూ నేను ఏడ్చేసరికి ఇంక దాచలేకపోయినాను. అంతా చెప్పేసినాను. కులం, గోత్రం అని ఎగురుతుందనుకున్నాను. ఆమె జాబు నా చేతిలోంచి తీసుకొని మడిచింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నాకు పిల్లల్లేరని నా మొగుడు రెండోదాన్ని తెచ్చినప్పుడు నువ్వే కదరా బండి కట్టుకొని వచ్చినావు?"

"వచ్చినానక్కా."

"వచ్చి ఏం జేసినావు? పెండ్లి భోజనం తిని పోయినావు. ఆ కాలంలో ఎవురన్నా ఇట్లా ఇస్తామనుంటే నేను కొంగు చాపి తీసుకునుంటా. ఎవురి బిడ్డ అని గూడా అడిగుండను. సుధకు ఎవురో మారాజులు ఇచ్చినారు. నువ్వేమో ఈడ కూచోని మూతి ముడుచుకోని ఉండావు. లెయ్! చౌడికి ఆకు వెయ్యల్ల."

లేచినాను. ఆమె కూడా నాతోనే ధర్మవరం వచ్చింది.

తెల్లారితే అమావాస్య, ఆకు వేసే ముందు మునగాలని చిత్రావతి ఒడ్డుకు పోయినాము. అక్కడ ఎవరున్నారనుకుంటివి? అల్లుడు శివకృష్ణ! నీకు చెప్పకుండా పొద్దున రైలుకు వచ్చి, అయ్యవారిని వెతుక్కుంటా నేరుగా ఏటికి పోయినాడంట. నన్ను చూసి తల దించుకొని, "మామా, మీరు నమ్మిన మాటను నిజం చేస్తాను. గుండు చేయించుకొని అత్తమ్మకు నేనే పిండం పెడతాను" అన్నాడు. పురోహితుడు మల్లికార్జునయ్య మాత్రం ఒప్పుకోలేదు.

"భార్య కడుపుతో ఉంటే మొగుడు గుండు చేయించుకోకూడదు, పిండం పెట్టకూడదు. నువ్వు పక్కకుండప్పా."

మీ అత్త ఊరుకుంటుందా? "పోనీలే స్వామీ, ఈయప్ప ఇంకో పిండం పని మీద ఉండాడు" అనింది. పాపం, అల్లుడు నా గొడుగు పట్టుకొని నీళ్ళలో నిలబడిపోయినాడు.

"నల్లప్పా, భార్యకు నువ్వే పెట్టచ్చు కదా. ఎవరు వద్దన్నారు నీకు?" అన్నాడు మల్లికార్జునయ్య.

"కొడుకే పెట్టాలనుకుంటిని స్వామీ."

"అడిగినావా ఎవర్నైనా?"

అడగలేదు తల్లీ. అది కూడా నేను సరిగ్గా వినని మాటే. మోకాళ్ళ లోతు నీళ్ళలో మునిగి వచ్చి కూర్చొని, మీ అమ్మకు నా చేత్తో పిండం పెట్టినాను. ఇన్నేండ్ల ముల్లు అక్కడే ఊడిపోయింది. లేవబోతుంటే మనసు ఆగలేదు.

"స్వామీ, మనవాళ్ళు కాని వాళ్ళకు పెట్టచ్చా? మాకు ఒకరు చాలా పెద్ద సాయం చేసినారు. వాళ్ళ పెద్దలకు పెట్టల్ల. పేరు తెలీదు. కులం తెలీదు. గోత్రం తెలీదు."

ఆయన ఏమీ గుచ్చి గుచ్చి అడగలేదు. "దానికీ ఉంది నల్లప్పా. దాన్ని ధర్మపిండం అంటారు. గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం అనుకుంటాము" అని, ఇంకొక ముద్ద నా చేతిలో పెట్టినాడు. మన వంశం కాని వాళ్ళకు కూడా మన చేతి మీదుగా ముద్ద పోవడానికి పెద్దలు ఎప్పుడో దారి పెట్టే ఉన్నారంట సుధా. నాకు ఈ వయసుకు తెలిసింది. నీ బిడ్డ వెనకాల ఉన్న ఆ తాతలకు, అవ్వలకు, ఎవరో ఏమో, ఆ ముద్ద పెట్టి దండం పెట్టుకున్నాను. మీ బిడ్డ మా ఇంటికి వస్తోంది, చల్లగా చూడండి అని చెప్పుకున్నాను. అల్లుడు వెనకాల వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. నేను చూడనట్టే ఉన్నాను.

వీధిలో ఎవరికి ఏం చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో, అది మీ ఇద్దరి ఇష్టం. నా నోట రాదు. కేశవ అడిగితే, "చౌడక్క రాలేదబ్బా, వేరే ఎవరో కొత్త మనిషి వస్తాండారు" అని చెప్పినాను. వాడికి అర్థం కాలేదు, పోనీలే. ఫోను స్పీకరు కూడా ఆపేసినాను. దండ మళ్ళీ వేసినాను. వేసేటప్పుడు కష్టమైంది, దాచను. ఇంకా కష్టంగానే ఉంది. ఆ బిడ్డ మొగంలో మీ అమ్మను వెతకనని మాట ఇవ్వలేను. వెతికితే నన్ను కోప్పడు. మగ్గం మీది బట్టకు మీ అమ్మ అంచు ఆడికే ఆపి, అక్కడి నుంచి కొత్త అంచు మొదలుపెట్టినాను. అతుకు కనపడుతుంది. కనపడనీ.

ఒక్క సంగతి మిగిలింది. పిండాలు రెండూ ఆకు మీద ఒడ్డున పెట్టి దూరంగా కూర్చున్నాము. కాకి ఎంతసేపటికీ రాలేదు. నాకు భయమేసింది, మీ అమ్మకు కోపం వచ్చిందేమో అని. కడకు ఒకటి వచ్చింది. వచ్చి మీ అమ్మ ముద్ద దాటుకొని పోయి, ఆ ఊరూ పేరూ తెలియని వాళ్ళ ముద్దను ముందు ముట్టింది. అది తిన్నాకనే మీ అమ్మ ముద్ద దగ్గరికి వచ్చింది. నేను లేచి నిలబడినాను సుధా. మీ అత్త మాత్రం చీర కొంగుతో కండ్లు తుడుచుకుంటూ, "చౌడి ఎప్పుడూ అంతే కదరా నల్లా, ఇంటికొచ్చినోళ్ళు తింటే గానీ తినదు" అనింది.

ఇంటికొచ్చి మీ అమ్మకు ఆకు వేసినాను, అల్లుడి చేతికి అలసంద వడలు, చెనిక్కాయల చట్నీ కట్టిచ్చినాను. నువ్వు మాత్రం మీ అమ్మ మాదిరి కడపట తినొద్దు తల్లీ. ముందు తిను.

మీ నాయన,
నల్లప్ప.